మా అక్క తయారుచేసిన అబద్ధాలకోరు

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో వారంలోనే మా అక్క నా కొంప ముంచింది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. బావగారి భార్య. నేను ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు కుడతాను. ఆ రోజు ఒకావిడ తన కర్టెన్ల కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది. "అయిపోయినట్టేనండీ, ఇస్త్రీ ఒక్కటే మిగిలింది, సాయంత్రం రండి," అన్నాను. కుట్టుపని చేసేవాళ్ళు ఎవరైనా అనే మాటే కదా. అంతలో లోపల్నుంచి అక్క గొంతు: "అదేంటి, ఇంకా గుడ్డే కత్తిరించలేదుగా! మూట కూడా విప్పలేదు." ఆవిడ ఆ మూట తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను పళ్ళు నూరుకుంటూ లోపలికి వెళితే, అక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. "పాపం, ఆవిడ సాయంత్రం మళ్ళీ రావడం దండగ కదా," అంది.

ఇదీ మా అక్క. బావగారి పుట్టినరోజుకి చేతి గడియారం కొని దాచమని ఆమెకిస్తే, ఆయన చెప్పులు విప్పుతుండగానే "మీకు గడియారం కొన్నాం, బీరువాలో ఉంది, ఎల్లుండి దాకా చూడకండి" అని చెప్పేసింది. నోట్లో నువ్వుగింజ నానదు అనడానికి కూడా లేదు, ఎందుకంటే ఒకరి గుట్టు పనిగట్టుకుని ఇంకొకరికి మొయ్యదు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూసి లేనిది చెప్పడం ఆమెకి చేతకాదు, అంతే.

ఇలాంటి మనిషికి దొరికిన పనేమిటో తెలుసా? అబద్ధాలు చెప్పించడం.

అక్క పాలిటెక్నిక్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అసిస్టెంటు. అక్కడ ఇరవై రెండు పాత కంప్యూటర్లున్నాయి. ఏది మొరాయించినా బల్ల కిందకి దూరి సరిచేసేది ఆమే. లెక్చరర్లు ఆమెని "తీగలావిడ" అంటారు, ఆమె వినేటట్టే. నాలుగింటికి క్లాసులు అయిపోయాక, కిటికీ వైపున్న నాలుగు కంప్యూటర్ల మీద ఆమె సొంత పని మొదలవుతుంది. జీతం లేని పని. ఆరేళ్ళుగా చేస్తోంది.

ఆ పని నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మీకు రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. మా ఊళ్ళో నాలుగు రక్తనిధులు ఉన్నాయి. ఏ రక్తం సంచి ఏ ఆసుపత్రికి వెళ్ళిందో నలుగురూ కలిసి ఒకే పుస్తకంలో రాసుకోవాలి, కానీ ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉంటే మిగతా ముగ్గురికీ నమ్మకం కుదరదు. అందుకని నలుగురి దగ్గరా నాలుగు ప్రతులు. అందులో ఒక పేజీ వెనక పేజీ గట్టిగా కుట్టుకుంటూ పోతారు, నడిమి పేజీ ఎవరైనా మార్చితే కుట్టు ఊడి తెలిసిపోతుంది. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. సరే, కొత్త పేజీలో ఏం రాయాలో తేలేదెలా? రక్తనిధికొకటి చొప్పున ఉన్న నాలుగు కంప్యూటర్లు మాట్లాడుకుని, ముగ్గురు ఒక్క మాట మీదకి వస్తే అది రాస్తాయి. ఒకటి పాడైపోయినా, ఒకటి కావాలని అబద్ధం చెప్పినా మిగతా మూడూ తప్పుదారి పట్టకూడదు. అలా మాట కలిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాని రాత, కోడ్ అంటారే, అది మొత్తం బహిరంగంగా ఉంటుంది. ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు, తప్పు పట్టొచ్చు, దిద్ది పంపొచ్చు. మా అక్క పంపింది.

ఆమెకి ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్ళు అప్పగించింది నాలుగో కంప్యూటరు సంగతి. అంటే, ల్యాబులో కిటికీ వైపున్న నాలుగింటిలో ఒకదాన్ని అబద్ధాలకోరుగా తయారుచేసి మిగతా మూడింటి మీదకి వదలడం. అవి మోసపోకపోతే పరీక్ష పాస్, తెర మీద పచ్చగీత. ఇంట్లో మేము దానికి బొంకులయ్య అని పేరు పెట్టాం. సాయంత్రం ఇంటికి రాగానే మా అత్తగారు అడిగేవారు: "ఇవాళ బొంకులయ్య ఏం బొంకాడే?" అక్క గర్వంగా చెప్పేది: "లేని సంచి ఉందన్నాడత్తయ్యా. ముగ్గురూ ఛీ పొమ్మన్నారు." మూడేళ్ళుగా రోజూ పచ్చగీతే.

పోయినేడాది సంగతి ఇది. ఆ సాఫ్ట్‌వేర్ రాతలో మార్పులు చేర్చే హక్కు ప్రపంచం మొత్తం మీద ఏడుగురికే ఉంది. నేను దాన్ని తాళం అంటాను. మిగతావాళ్ళు ఏం రాసినా, ఆ ఏడుగురిలో ఎవరో ఒకరు చూసి, సరే అని తాళం తీస్తేనే లోపలికి వెళుతుంది. అక్క దిద్దిన చిన్న దిద్దుబాటు కూడా ఒక్కోసారి వారం రోజులు వాకిట్లో నిలబడేది. ఆ ఏడుగురిలో ఒకాయన ఉన్నారు, కామా తప్పినా వెనక్కి పంపుతారు. ఆయన్ని మేము పంతులుగారు అంటాం. ఆయన నల్లగా ఉంటారో తెల్లగా ఉంటారో అక్కకీ తెలియదు.

ఒక ఆదివారం ఉదయం వాళ్ళలో ఒకావిడ ప్రతిపాదన పెట్టింది, అక్కకి ఎనిమిదో తాళం ఇద్దామని. ఓట్లకి వారం గడువు. శనివారం సాయంత్రం ఆరింటిలోగా ఏడుగురిలో ఐదుగురు అవును అనాలి. అక్క పైకి ఏమీ అనలేదు గానీ, ఆ రోజు కాఫీలో పంచదార రెండుసార్లు వేసింది. బల్ల కింద దూరి తీగలు సర్దే మనిషి ఆమె. తన మాటకి కూడా విలువ ఉంటుందని ఒక్కసారి చూడాలని ఆమెకి ఎంత ఆశో నాకు తెలుసు. ఆమెకి ఆ తాళం కావాలి. చాలా కావాలి.

బుధవారానికి నాలుగు ఓట్లు పడ్డాయి. ఇంకొక్కటి చాలు. అటు మా ఊరి రక్తనిధుల్లో సోమవారం నుంచే ఆ సాఫ్ట్‌వేర్ నడవబోతోంది. ఇల్లంతా సంబరంగా ఉంది. ఆ సంబరంలోనే నేను నోరు జారాను.

మేడ మీద వీధి వైపు ఒక గది ఖాళీగా ఉంది. పెద్ద కిటికీ, మంచి వెలుతురు. బుధవారం సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తూ అక్కతో అన్నాను, "ఈ నెలాఖరుకి నా మిషను పై గదిలోకి మార్చేస్తానక్కా. అత్తయ్యగారు నాకిస్తానన్నారు. నువ్వు నొచ్చుకుంటావని చెప్పొద్దన్నారనుకో."

అక్క దుప్పటి మడత పెడుతూ ఆగిపోయింది. "నాకిస్తానన్నారే! నా కంప్యూటర్లు పెట్టుకోమని. నువ్వు అలుగుతావని నీకు చెప్పొద్దన్నారు."

"ఎప్పుడన్నారు?"

"పోయిన గురువారం."

"నాకూ గురువారమే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కు మీదుంటుంది నా కోపం, అది అందరికీ తెలిసిందే. దుప్పటి అక్కడే పడేసి కిందకి దూసుకెళ్ళాను. "ఏంటత్తయ్యా, ఒక్క గదిని ఇద్దరికి ఇచ్చారట?" అని అడిగితే, ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, "రెండూ నిజమేనే. ఆమెతో అన్నప్పుడు ఆమెకే ఇవ్వాలనిపించింది, నీతో అన్నప్పుడు నీకే ఇవ్వాలనిపించింది," అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "ఎందుకొచ్చిన పేచీ, ఆ గదిలో నేనే ఉంటాలే," అని తీర్పు కూడా చెప్పేశారు. మరుసటి వారమే మంచం ఎక్కించుకున్నారు కూడా. ఇప్పటికీ ఆ వెలుతురంతా ఆవిడదే.

నాకు కోపం పోయి నవ్వు ముంచుకొచ్చింది. అక్క కోసం వెనక్కి తిరిగితే, ఆమె మెట్ల మీదే కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గది కోసం ఇంత బాధేంటక్కా?"

"గది కాదే. ఒకే మనిషి, ఒకే రోజు, నీకొక మాట, నాకొక మాట." మెట్టు మీంచి లేచింది. "నా బొంకులయ్య ఎప్పుడూ అలా చెయ్యలేదు."

"అంటే?"

"అందరికీ ఒకే అబద్ధం చెప్పాడు. మూడేళ్ళూ. లేని సంచి ఉందని ముగ్గురికీ ఒకేలా చెప్పేవాడు. అది పట్టుకోవడం ఎంతసేపు? మనిషికో మాట చెప్పేవాణ్ణి పట్టుకోవడమే ఈ సాఫ్ట్‌వేర్ పని. ఆ పరీక్ష నేను అసలు పెట్టనేలేదు. నాకు తట్టనే లేదు."

నాకు ఎక్కువ వింతగా తోచింది మిగతావాళ్ళ సంగతి. ఏ ఒక్కరి మాటా నమ్మకూడదని సాఫ్ట్‌వేర్ రాసే మహానుభావులు, మా అక్క పరీక్ష పాస్ అంటే చాలు, మూడేళ్ళుగా తల ఊపేశారు.

గురువారం పొద్దున అక్క కొత్త బొంకులయ్యని తయారుచెయ్యడానికి కూర్చుంది. గంట గడిచినా చేతకాలేదు. ఎవరికి ఏ మాట చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమె బుర్రకి అందడం లేదు. చివరికి నోటు పుస్తకం, పెన్ను తీసుకుని అత్తగారి ముందు కూర్చుంది.

"అత్తయ్యా, ఇద్దరికి రెండు మాటలు చెప్పాలంటే ఎలా మొదలుపెడతారు?"

"ఏమే, వెటకారమా?"

"లేదత్తయ్యా, నిజంగా నాకు రావట్లేదు. మీరు నేర్పాలి."

పెద్ద కోడలు తనకి ఒక విద్య రాదని ఒప్పుకుని చేతులు కట్టుకు కూర్చోవడం అత్తగారికి అదే మొదటిసారి. ఆవిడ ముఖం చేటంత అయింది. దిండు సర్దుకుని, "రాసుకో," అన్నారు.

"ఇద్దరూ ఒకచోట ఉన్నప్పుడు నోరు విప్పకూడదు. ఇద్దరికీ మాటల్లేని రోజు చూసుకోవాలి. మొన్న మీరిద్దరూ బట్టలారేసే తీగ దగ్గర గొడవపడి రెండు రోజులు మూతులు ముడుచుకున్నారు చూడు, నేను గది మాట ఎత్తింది అప్పుడే."

నేను పక్కనుంచి, "అమ్మో!" అన్నాను.

"నువ్వుండవే. ఇంకోటి రాసుకో. నిద్రపోయి లేచినవాళ్ళని ఒప్పించడం తేలిక. మీ మావగారు ఉన్న రోజుల్లో, పొద్దున ఒక మాట చెప్పేదాన్ని. తలాడించేవారు కాదు. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక అదే మాట మళ్ళీ చెప్పేదాన్ని. ‘అవునవును, ఈ మాట ఇంకెవరో కూడా అన్నారు’ అని ఒప్పేసుకునేవారు. ఆ ఇంకెవరో కూడా నేనే!"

మా మావగారు పాపం ఎన్నిటికి ఒప్పుకున్నారో తలుచుకుని నేను కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. అక్క నవ్వలేదు. ఆ మాట కింద రెండు గీతలు గీసుకుంది.

ఆ సాయంత్రం నాలుగింటికి నేనూ ల్యాబుకి వెళ్ళాను. రెండో కంప్యూటరు స్విచ్చి ఆపడం, మళ్ళీ వెయ్యడం నా పని. అది మిగతా ఇద్దరి మాట వినకుండా అక్క మధ్యలో ఒక అడ్డు పెట్టింది. కొత్త బొంకులయ్య మొదటిదానికీ మూడోదానికీ, "పదిహేడో సంచి తూర్పు ఆసుపత్రికి" అని చెప్పాడు. రెండోదానికి మాత్రం, "పడమటి ఆసుపత్రికి" అన్నాడు. రెండోది తన ఓటు, వాడి ఓటు కలిపి రెండే ఉన్నాయని, మూడు కావాలని ఊరుకుంది. ఇంతవరకూ బాగానే ఉంది. అక్క చెయ్యి ఊపింది. నేను స్విచ్చి ఆపాను. పది లెక్కపెట్టి మళ్ళీ వేశాను. రెండోది లేచింది. బొంకులయ్య అదే మాట మళ్ళీ చెప్పాడు.

ఆ పిచ్చి యంత్రం, పడుకోకముందు విన్నదొకటి, లేచాక విన్నదొకటి, తనదొకటి, మొత్తం మూడు అని లెక్కపెట్టేసింది. అచ్చం మా మావగారే. పడమర అని రాసేసింది. అటు మొదటిది, మూడోది బొంకులయ్యని కలుపుకుని తూర్పు అని రాసేశాయి. ఒకే రక్తం సంచి రెండు ఆసుపత్రులకి. తెర మీద ఎర్రగీత.

రెండు మంచాల మీద ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక్కటే సంచి.

"నాకు తెలిసిపోయిందిలే నువ్వేం చెయ్యబోతున్నావో," అన్నాను. "నా మాట విను. రక్తనిధులు మొదలయ్యేది సోమవారం. ఓట్లు ముగిసేది శనివారం సాయంత్రం. ఆదివారం పొద్దున్నే చెప్పు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. రెండు రోజులు నోరు మూసుకుంటే నీ తాళం నీకొస్తుంది."

"ఆదివారం ఒక్కరోజులో దిద్దగలరా?"

"దిద్దుతారు. లేకపోతే సోమవారం మొదలుపెట్టరు. అంతే కదా?"

అక్క చాలాసేపు ఎర్రగీతనే చూసింది. ఆమెకీ ఆ మాట తట్టకపోలేదని ఆ కళ్ళు చూస్తే తెలిసింది. నేనెరిగినన్నాళ్ళలో ఆమె ఒక నిజం చెప్పడానికి తటపటాయించడం అదొక్కసారే.

"శనివారం దాకా వాళ్ళకొక మాట, ఆదివారం ఇంకో మాట," అంది చివరికి. "అప్పుడు బొంకులయ్య ఎవరే, నేనా, వాడా?"

అక్కడే కూర్చుని రాసింది. అందరూ చదివే చోట, తన పేరుతో. నేను భుజం మీదుగా చూస్తూనే ఉన్నాను. మొదటి వాక్యం: "నేను రాసిన పరీక్ష మొదటినుంచీ పనికిరానిది." కింద, తప్పు ఎలా పట్టుకున్నదీ వరసగా రాసి, చివర, "ఈ పద్ధతులు నేర్పింది మా అత్తగారు" అని కూడా చేర్చింది. నేను తల పట్టుకున్నాను. "అదెందుకక్కా?" అంటే, "ఆవిడే కదా నేర్పింది," అంది.

శుక్రవారం పొద్దునకి ఇద్దరు ఓట్లు వెనక్కి తీసుకున్నారు, ఆలోచించుకోవాలని. ఇంకొకాయన ఏకంగా కాదు అని ఓటేశాడు. మూడేళ్ళు తన పని తాను సరిచూసుకోని మనిషికి తాళం ఎలా ఇస్తామని అడిగాడు. అడిగినదాంట్లో తప్పు లేదు, అదే నా ఏడుపు. అక్క ఆ రోజు కాలేజీకి వెళ్ళి మామూలుగానే తీగలు సర్ది వచ్చింది. రాత్రి భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చుంది. "నేనే చెడగొట్టానేమోనే," అని అత్తగారు నా చెవిలో అన్నారు. ఆవిడ అలా అనడం నేను మళ్ళీ వినలేదు.

పంతులుగారు మాత్రం ఓటు సంగతే ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రం రెండు ముక్కలు రాశారు: "ఓట్లు లెక్కపెట్టే భాగం రాసింది నేను. తప్పు నాది." శనివారం ఉదయానికి దిద్ది పంపారు. ఒకరి మాట ఎన్నిసార్లు విన్నా, పడుకున్నా, లేచినా, ఒక్క ఓటే. దాని కింద ఇంకో ముక్క: "మీ అత్తగారికి ఇంకేమైనా తెలుసేమో కనుక్కోండి." కనుక్కున్నాం. ఆవిడకి ఇంకా పదకొండు తెలుసు. శనివారం పగలంతా ల్యాబులో నేను స్విచ్చి ఆపుతూ వేస్తూనే ఉన్నాను, బొటనవేలు వాచింది. పదకొండూ పచ్చగీతలే. రక్తనిధుల వాళ్ళకి కబురు వెళ్ళింది. వాళ్ళూ తమ మనిషితో ఒకసారి నడిపించి చూసుకుని, సోమవారం మొదలుపెట్టడానికి సరేనన్నారు.

వెనక్కి తీసుకున్న రెండు ఓట్లూ మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. మళ్ళీ నాలుగు. కాదన్నాయన కాదనే ఉన్నాడు. ఇంకొకాయన ఎవరికీ దొరకడం లేదు. మిగిలింది పంతులుగారు. ఇంట్లో ముగ్గురం కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఐదున్నర అయింది. అత్తగారు, "ఆయనకి నేను ఫోన్ చేసి మాట్లాడనా?" అన్నారు. ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

ఆరింటికి ఇరవై నిమిషాలుండగా వచ్చింది. అత్తగారికి వినబడేలా నేనే పైకి చదివాను.

"నా ఓటు అవును. అబద్ధాలకోరుని తయారుచెయ్యమంటే, ఈవిడ అందరికీ ఒకే అబద్ధం చెప్పేవాణ్ణి తయారుచేసింది. మనిషికో మాట చెప్పొచ్చని మూడేళ్ళపాటు ఈవిడకి తట్టలేదు. తట్టిన రోజున, తన ఓట్లు పోతాయని తెలిసీ, అందరికీ ఒకేసారి చెప్పింది. తాళం ఇలాంటివాళ్ళ దగ్గర కాకపోతే ఎవరి దగ్గరుండాలి?"

అక్క ఏడ్చేసింది. నవ్వుతూనే ఏడ్చింది. అత్తగారు కంగారుపడి, "ఏమైందే, ఇవ్వలేదా?" అని నన్ను గిల్లారు. ఇచ్చారని చెప్పాను. అప్పటికే అక్క కళ్ళు తుడుచుకుని కీబోర్డు ముందుకి లాక్కుని టపటపా కొట్టేస్తోంది. ధన్యవాదాలు రాస్తోంది కాబోలు, నాలుగు మంచి మాటలు నేనూ చెబుదామని తెర మీదకి వంగాను.

ఒక్కటే వాక్యం ఉంది. "మూడేళ్ళు కాదండీ, మూడేళ్ళ రెండు నెలలు."